పట్టపురాణి పాలు

ఆ ఇంట్లో అత్తగారికి ఇద్దరంటే ప్రాణం. ఒకరు కడుపుతో ఉన్న కోడలు, రెండోది పట్టపురాణి అనే మేక. మొగుడి మీద ప్రేమ లేదని కాదు. ఉంది, కాకపోతే ఈమధ్య ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడిందంటూ మంచమెక్కేస్తున్నాడు. రాత్రంతా చెమటలు, తెల్లారేసరికి జ్వరం మాయం. నడుం పట్టేసిందంటాడు, మోకాళ్ళు సలుపుతున్నాయంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే మాత్రం అదే తగ్గుతుందిలే అంటాడు.

“కొట్టంలో ఎరువు ఎత్తే వేళకే వస్తుందేమండీ మీ జ్వరం! దానికి గడియారం చూడ్డం ఎవరు నేర్పారు?” అని ఆవిడ దెప్పేది.

“నీకొస్తే తెలుస్తుందిలేవే,” అని ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

వాళ్ళది చిన్న మేకల డెయిరీ. బయట నుంచి కొనేది తక్కువ, పారేసేది ఇంకా తక్కువ. మేకల ఎరువు గడ్డిమడికి, మడిలోని గడ్డి మేకలకు. సీసాలు ఖాళీ అయ్యాక మళ్ళీ ఇంటికే వస్తాయి, కడిగి మళ్ళీ నింపుతారు. కొట్టం పెద్దాయనది, పాలు పితకడం అత్తగారిది, సీసాలు పంచడం కొడుకుది. పాలగది మాత్రం కోడలి రాజ్యం. ఆ పిల్ల కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక థర్మామీటరు చేతపట్టుకుని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. కాచని పాలు ఒక్క చుక్క కూడా ఎవరి గొంతులోకీ పోకూడదు, ఇంట్లోవాళ్ళకైనా సరే.

అత్తగారు సరేనంది. అమ్మే పాల విషయంలో మాట తప్పనూ లేదు. కానీ కోడలు నెల తప్పిందని తెలిసిన మర్నాటి నుంచీ ఆవిడ మనసు మాట వినలేదు. చిన్నప్పుడు తనకు జబ్బు చేసినప్పుడల్లా వాళ్ళమ్మ పొదుగు దగ్గరే గ్లాసు పెట్టి పితికి ఇచ్చేది. ఆ పాలలో ఉన్న బలం ఈ మరగకాచిన నీళ్ళలో ఎక్కడేడ్చింది? అందుకని రోజూ పొద్దున్నే పట్టపురాణి పాలు ఒక గ్లాసు విడిగా పితికి, పాలగది కిటికీలో పెట్టేది.

“కాచానమ్మాయ్! వేడివేడిగా ఉన్నప్పుడే తాగెయ్,” అనేది నదురూ బెదురూ లేకుండా.

గ్లాసు పట్టుకుంటే వెచ్చగానే ఉండేది మరి. కాసేపటికి ఖాళీ గ్లాసు కిటికీలోకి తిరిగొచ్చేది. దాన్ని చూస్తే ఆవిడకి తన కడుపే నిండినట్టుండేది.

ఇలా ఉండగా ఒక మేక నెలలు నిండకుండానే పిల్లను పడేసింది. మేకల డాక్టరు వచ్చి అన్నింటి రక్తం తీసుకెళ్ళాడు. ఈ మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఎప్పుడూ గేటు తీసుకుని నేరుగా మేకల్లోకి వచ్చేసే మనిషి, ఇవాళ గేటవతలే ఆగిపోయాడు. అత్తగారు గేటు దగ్గరికి ఎదురెళ్ళింది.

“పడేసిన మేకకీ, పట్టపురాణికీ బ్రూసెల్లా ఉందమ్మా,” అన్నాడు. “అంటురోగం. ఆ రెండింటినీ మందలో ఉంచడానికి వీల్లేదు.”

“నా రాణికా? అది రాయిలా ఉంటే! దానికి రోగమేమిటండీ?”

“పైకి ఏమీ కనపడదమ్మా. పాలలో ఉంటుంది. మీరు కాచి అమ్ముతారు కాబట్టి కొనేవాళ్ళకి భయం లేదు. పచ్చిపాలు తాగినవాళ్ళకే ముప్పు. కడుపుతో ఉన్నవాళ్ళయితే బిడ్డకే ప్రమాదం.” కిటికీలో ఉన్న కోడలి వైపు చూశాడు. “మీరు పచ్చిపాలేమీ తాగలేదు కదమ్మా?”

“నేనా?” కోడలు నవ్వేసింది. “ఈ ఇంట్లో అలాంటి పప్పులు ఉడకవండీ.”

అత్తగారు కోడలి పొట్ట వంక చూసింది. నోరు విప్పితే కోడలు జన్మలో మొహం చూడదు. విప్పకపోతే... ఆ ఆలోచన పూర్తి చేయడానికి కూడా ఆవిడకి ధైర్యం చాల్లేదు.

“నేను కాచలేదే తల్లీ!” అని అక్కడే కూలబడింది. “ఆ గ్లాసు ఒక్కరోజు కూడా పొయ్యి మీద పెట్టలేదే. పొదుగు దగ్గర్నుంచి అలాగే తెచ్చి ఇచ్చాను. బలమనుకున్నానే, నా చేతులు విరిగిపోనూ!”

కోడలి చేతిలో సీసా జారి గచ్చు మీద భళ్ళుమంది. ఎవరూ దానివంక చూడలేదు. కోడలు పాలగది లోంచి బయటికి వచ్చి, అత్తగారి ఎదురుగా చతికిలబడి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

“అత్తయ్యా, నేను తాగలేదు.”

“ఏంటీ?”

“ఒక్క గుక్క కూడా తాగలేదు. నాకు మేకపాల వాసన పడదు. పెళ్ళయినప్పట్నుంచీ అంతే. మీకు చెప్పలేక ఊరుకున్నాను.”

అత్తగారు నోరెళ్ళబెట్టింది. మేం తాగే పాలే మీకు పోస్తున్నామని ఊరందరికీ చెప్పి అమ్మే పిల్లకి మేకపాలు పడవా! ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద ఉండి ఇంత సంగతి తెలియలేదా! కోపం రావలసింది, రాలేదు. కోడల్ని కావలించుకుని, “దొంగపీనుగా! ఎంత మంచి పని చేశావే,” అని ఏడుస్తూ నవ్వింది. కోడలు కూడా నవ్వడం మొదలుపెట్టింది.

డాక్టరు నవ్వలేదు.

“మరి ఆ పాలు ఏం చేశారమ్మా?”

“పారబోయడానికి మనసొప్పలేదండీ. అత్తయ్య అంత ప్రేమగా...” కోడలి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, మాట మాత్రం ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి వరండాలోకి చూసింది.

అక్కడ మంచం మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో, పెద్దాయన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

“మామయ్యకి ఇచ్చేదాన్ని,” అంది.

“ఆ పిల్లనేమీ అనకు,” అన్నాడు పెద్దాయన. “నేనే అడిగి పుచ్చుకున్నాను. నువ్వు నా చేతికి గ్లాసెడు పాలిచ్చి ఎన్నేళ్ళయిందే?”



“ఆయనకి జ్వరమేమైనా వస్తోందా?” డాక్టరు గేటు తీసుకుని లోపలికి వచ్చేశాడు. “సాయంత్రాలు ఒళ్ళు కాలడం, రాత్రి చెమటలు, నడుం నొప్పి?”

ఒక్కొక్క మాటకీ ఆవిడ తలూపుతూనే ఉంది. ఆ తల ఊపడం ఆపడం కూడా ఆవిడకి చేతకాలేదు.

“మందులున్నాయమ్మా, నయమవుతుంది. కానీ ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మీరందరూ కూడా రక్తం చూపించుకోండి.”

కొట్టంలోంచి పట్టపురాణి ఆవిడని చూసి అరిచింది. ఆవిడకి వినపడలేదు. వరండా ఎక్కి, మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆయనకి జ్వరం మొదలైనప్పట్నుంచీ అక్కడ చెయ్యి పెట్టి చూడ్డం ఇదే మొదటిసారి. చెయ్యి చురుక్కుమంది; ఇవాళ జ్వరం సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

“లేవండి,” అంది. “ఆస్పత్రికి పోదాం పదండి.”

“ఇంకా ఎరువు ఎత్తలేదే,” అన్నాడాయన.