కుళాయి బిగించిన సాయంత్రం

పెళ్ళయిన కొత్తలో ప్రతి వస్తువూ మనల్ని చూసి మురిసిపోతున్నట్టు ఉంటుంది. మా కారవాన్‌లో సింకు పక్కనున్న కుళాయి అయితే ఏకంగా తలే ఊపేది. చెయ్యి తగిలితే చాలు, ఎడమకు వాలి, కుడికి వాలి, మళ్ళీ నిలబడేది. అలలు అలలుగా గట్టిపడిన మట్టిరోడ్డు మీద రోజుల తరబడి గడగడలాడుతూ వచ్చాం మరి. బండిలో వదులుకానిది నా ఉంగరం ఒక్కటే.

"ఈ ఇంట్లో నా మాటకు తలూపేవాళ్ళు ఒకరైనా ఉన్నారు," అన్నాడు హేమిష్ కెటిల్ నింపుతూ.

"దాన్నే చేసుకోవాల్సింది."

"అడిగాను. ఆలోచించుకుని చెప్తానంది."

ఆ జోకుకి నేను చాలాసేపు నవ్వాను. ఆ రోజుల్లో నాకు నవ్వడానికి జోకు కూడా అక్కర్లేదు. ఉదయం లేచి, మడతమంచం మీద అతని మోకాళ్ళు అలమరాకి తగులుతున్నాయని ఒకసారి, తగలడం లేదని ఇంకోసారి నవ్వేదాన్ని.

హనీమూన్‌కి అందరూ సముద్రం దగ్గరికి వెళ్తారు. నేను మా ఆయన్ని ఎడారి అంచునున్న మారీ ఊరు దాటించి, ఉత్తరానికి తీసుకుపోయి, ఎండిపోయిన ఏటి గట్టున దించాను. ఎందుకంటే ఏరు వస్తోంది. వేసవిలో ఎక్కడో పైన క్వీన్స్‌లాండ్‌లో కురిసిన వాన వారాల తరబడి ఎడారిలో నడిచి, నేల పగుళ్ళన్నీ తాగగా మిగిలింది మా దగ్గరికి చేరబోతోంది. ఇక్కడ చినుకు పడదు, మబ్బు కనిపించదు. నీళ్ళు మాత్రం ఒక రోజు నడిచి వస్తాయి.

నేను పెరిగింది ఇదే ఏటికి దిగువన, వేల ఎకరాల మేత నేల ఉన్న పశువుల స్టేషన్‌లో. నా చిన్నతనంలో ఏరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను అడిలైడ్‌లో హాస్టల్లోనే ఉన్నాను. నాన్న ఫోన్ చేసి, "వస్తోందే తల్లీ, విను," అంటూ తీగ సాగినంత మేరా వసారా అంచుకు వెళ్ళి రిసీవర్‌ని ఏటి వైపు పట్టుకునేవాడు. నాకు ఒకటే గరగర. "లైను బాగాలేదు నాన్నా," అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ తర్వాత కరువు వచ్చింది, స్టేషన్ అమ్మేశాం, నాన్న పోర్ట్ అగస్టాలో చిన్న ఇంట్లో టమాటాలు పెంచుకుంటున్నాడు. ఏరు రావడం ఒక్కసారైనా కళ్ళారా చూడాలని నాకు ఎంత ఉందో హేమిష్‌కి పెళ్ళికి ముందే చెప్పాను. అతను వాళ్ళ అత్త దగ్గర ఈ పాత కారవాన్ అడిగి తెచ్చాడు.

గట్టు మీద మాతో పాటు ఇంకో బండి ఉంది. మర్వ్, గ్లెనిస్ దంపతులది. రిటైరైనప్పటి నుంచి వాళ్ళకు ఇల్లు అదే. సాయంత్రం అయిదయితే రెండు బండ్ల మధ్య మడతకుర్చీలు పడేవి. జున్ను, బిస్కెట్లు, మర్వ్ చల్లపెట్టెలోని బీరు, గ్లెనిస్ నోట్లోని కబుర్లు. మర్వ్ ఇసుక ఏటి ఒడ్డుకు నాలుగు గాలం కర్రలు తెచ్చుకుని, పొడవాటి ప్లాస్టిక్ గొట్టాల్లో భద్రంగా పెట్టుకున్న మనిషి.

"చేపలు నీళ్ళతో పాటే వస్తాయి అబ్బాయ్," అనేవాడు. "అవి వచ్చేసరికి నేను సిద్ధంగా ఉండొద్దూ?"

"నలభై ఏళ్ళుగా సిద్ధంగానే ఉన్నాడు," అనేది గ్లెనిస్. "చేపలకే తీరిక దొరకలేదు."

ఎగువ స్టేషన్ ఆవిడ రోజూ పొద్దున రేడియోలో చెప్పేది, ఏరు ఎంతవరకు వచ్చిందో. మొన్న వాళ్ళ పై కంచె దాటింది. నిన్న గొర్రెల షెడ్డు దాటింది. ఇంక రేపో ఎల్లుండో మా దగ్గరికి. అప్పటిదాకా మా ట్యాంకులో నీళ్ళు సరిపోవాలి. ట్యాంకు మీటరుకి నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. చివరి దీపం ఆరితే బండి కట్టాల్సిందే. డబ్బాలో వేరుగా దాచిన నీళ్ళు దారి కోసం, వాటి జోలికి పోకూడదు. వెళ్ళి నీళ్ళు నింపుకుని తిరిగి రావడమంటే ఆ రోడ్డు మీద రెండు రోజులు. ఆలోపు ఏరు నన్ను చూడకుండానే మళ్ళీ వెళ్ళిపోతుంది.

ఆ పొద్దున ఏటి ఇసుకలో నడకకి బయల్దేరుతూ, హేమిష్ కుళాయిని మెడ దగ్గర పట్టుకుని గట్టిగా ఒక చుట్టు తిప్పాడు. అది ఊగడం మానేసింది.

"చూశావా? మగాడి చెయ్యి."

"చూశాను. ముద్దు పెట్టుకోవచ్చా ఆ చేతికి?"

అలా నవ్వుకుంటూ పోయాం. పంపు స్విచ్ ఆపడం ఇద్దరికీ గుర్తు లేదు.

కారవాన్‌లో కుళాయి తిప్పితే పంపు దానంతట అదే లేస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. ఎక్కడైనా నీళ్ళు కారుతున్నా లేస్తుంది. మేము తిరిగి వచ్చేసరికి గ్లెనిస్ మా గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మీ పంపు దూడ తప్పిపోయిన ఆవులా అరుస్తోంది పిల్లా. నేను కునుకు తీస్తున్నాను, కలేమో అనుకున్నాను. లేచి వచ్చి ఆపేశాను. లోపల అలమరా నిండా నీళ్ళు."

హేమిష్ పైన కుళాయిని తిప్పితే, కింద దాంతో పాటు గొట్టమూ తిరిగి, అతుకు వదిలింది. నాలుగు దీపాల్లో ఒకటి మిగిలింది.

నాకు ఏడుపు రావాలి. వచ్చేదే, కానీ బండి కిందికి చూశాను. అలమరా అడుగున ఉన్న చిల్లులోంచి కారిన నీళ్ళు ఇసుకలో పళ్ళెమంత చెమ్మ చేశాయి. దాని చుట్టూ పిచ్చుకల కన్నా చిన్న పిట్టలు, ఎర్రముక్కు జీబ్రా ఫించ్‌లు, వందల్లో. అప్పటిదాకా ఆ గట్టు మీద ఒక్క పిట్టనీ చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు చెప్పారో. చెమ్మ అంచున వరసగా నిలబడి, ఒకదాని రెక్క ఒకదానికి తగులుతూ, నేలను తాగుతున్నాయి.

"హేమిష్," అన్నాను. వేలితో కిందికి చూపించాను.

అతను నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "నా వల్ల నువ్వు ఏరు చూడకుండా పోవడం జరగదు మెర్," అన్నాడు. నా పేరు మెరిన్. బాధగా ఉన్నప్పుడే సగం చేసి పిలుస్తాడు.

గ్లెనిస్ అప్పటికే తన బండి నుంచి నీళ్ళ డబ్బా ఈడుస్తోంది. "వద్దండీ," అన్నాను. ఈ దారుల్లో నీళ్ళు ఎవరినీ అడగరు. అడిగితే లేదనకుండా ఇచ్చేస్తారు కాబట్టే అడగరు. ఆవిడ తల స్నానం మానేసి మరీ ఇస్తుంది, రెండు రోజుల ముందే వాళ్ళు కదలాల్సి వస్తుంది. ఆవిడ నా మొహం చూసి, డబ్బా కింద పెట్టింది.

మిగిలిన నీళ్ళు చాలు, పొదుపుగా వాడితే. కానీ పంపు వేస్తే గ్లాసెడు మనకి, బకెట్టు నేలకి. ట్యాంకు కింద నుంచే నీళ్ళు దింపుకుందామంటే, రాళ్ళు తగలకుండా హేమిష్ అత్త దానికి రేకు కవచం బిగించేసింది. సాయంత్రంలోపు కుళాయి బాగుపడాలి, లేకపోతే తెల్లారి ప్రయాణం.

నేను అలమరాలోకి తల దూర్చాను. నా చెయ్యి సన్నం కాబట్టి ఆ పని నాది. పంపు ఆపి, కుళాయి తెరిచి, గొట్టంలో మిగిలిన నీళ్ళు గిన్నెలోకి పట్టాం, టీకి పనికొస్తాయని. గొట్టం విప్పాను. కుళాయిని కింద నుంచి పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్టు దీపం వెలుగులో కనిపించింది. చెవుల్లాంటి రెండు రెక్కలు. వేళ్ళ కొసలు తగులుతాయి, పట్టు దొరకదు. పానా పెట్టడానికి సింకుకీ గోడకీ మధ్య చోటు లేదు. పైగా అది కరుచుకున్న ప్లైవుడ్ నీళ్ళకి ఉబ్బి, నానిన రొట్టెలా ఉంది. ఎంత బిగించినా ఈ రోడ్డు మీద మళ్ళీ వదులవుతుంది.

"ఏం కనిపిస్తోంది?" బయట నుంచి మర్వ్.

"చెవులు."

"ఎవరివి?"

"నట్టువి! పొడవాటి గొట్టం ఏదైనా ఉంటే, అంచుకు రెండు గాట్లు పెట్టి, ఆ చెవులకి తొడిగి తిప్పొచ్చు."

తర్వాత గ్లెనిస్ గొంతు: "అలా చూడకు మర్వ్. ఇచ్చెయ్."

గాలం గొట్టాల్లో ఒకదాని కొస రంపంతో కోస్తున్నంతసేపు మర్వ్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఇంక ఉబ్బిన చెక్క సంగతి. నట్టుకీ దానికీ మధ్య గట్టి పలక ఏదైనా పెట్టాలి. ఐస్‌క్రీం డబ్బా మూత పెడితే వంగిపోయింది. చుట్టూ చూశాను. వంటగట్టు మీద కూరలు తరిగే వెదురు పలక, పెళ్ళికి మా వదిన ఇచ్చింది, మూలన మా ఇద్దరి పేర్లూ చెక్కించి మరీ.

హేమిష్ నా చూపు ఎక్కడుందో చూశాడు. "అయ్యో, దాన్నా? అది మన మొదటి సామాను!"

"సామాను కాబట్టే పనికొస్తుంది."

పేర్లున్న మూలే సరైన కొలత. కోసి, నడిమికి చిల్లు పెట్టి, నట్టు విప్పి, 'మెరిన్'కీ 'హేమిష్'కీ మధ్యలోంచి కుళాయి కాడ దింపాం. కింద నేను గొట్టంతో నట్టు తిప్పుతున్నాను, పైన అతను కుళాయి కదలకుండా పట్టుకున్నాడు.

"నిటారుగా పట్టుకో."

"నిటారుగానే ఉంది."

"ఎటు నుంచి చూస్తే?"

"నిన్ను పెళ్ళి చేసుకున్న వైపు నుంచి!"

నవ్వు ఆపుకోలేక నా తల అలమరాకి కొట్టుకుంది. నట్టు ఇంకో పావు చుట్టు కదిలి, ఇక కదలనంది. నీళ్ళ గొట్టం అతుకుకి టేపు చుట్టి బిగించాను.

స్విచ్ వేశాం. పంపు బుర్రుమని లేచి, ఆగింది. నిజంగా ఆగిందా, చుక్క చుక్కగా ఎక్కడైనా కారుతోందా అనేది పంపే చెప్పాలి. కారుతుంటే కాసేపట్లో మళ్ళీ ఒక్కసారి మూలుగుతుంది. అయిదయింది. కుర్చీలు పడ్డాయి. "నోళ్ళు మూసుకోండి అందరూ," అన్నాడు మర్వ్. "పంపు వినాలి." గ్లెనిస్ కూడా మూసుకుంది. బిస్కెట్టు కొరకడం కూడా ఆపేశాం. నలుగురం, వాలిపోతున్న ఎండ, కారవాన్ వైపు తిరిగిన ఎనిమిది చెవులు.

పంపు మూలగలేదు. ఎంతసేపటికీ మూలగలేదు. హేమిష్ చెయ్యి నా చేతిలోకి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో చాలా సన్నగా, గరగర.

"మళ్ళీ మీ పంపే," అని గుసగుసలాడింది గ్లెనిస్.

"కాదు," అన్నాను. నా కాళ్ళ దగ్గర చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. వాటి వెనక సాలీళ్ళు, కీచురాళ్ళు.

నలుగురం గట్టు అంచుకు వెళ్ళాం. ఎగువ మలుపు దగ్గర ఇసుక రంగు మారుతోంది. మంచం వెడల్పున గోధుమరంగు నాలుక, అంచున నురగ, ఆ నురగ మీద ఎండుటాకులు, బెరడు ముక్కలు. అప్పుడే నడక నేర్చిన పిల్ల నడిచినట్టు, ఆగి, పక్కకు చూసి, మళ్ళీ ముందుకు. పగులు ఎదురైతే అందులోకి దిగి, లోపలి గాలినంతా బుడగలుగా పైకి పంపి, నిండాక మళ్ళీ బయల్దేరేది. ప్రతి పగులూ నిట్టూరుస్తోంది. ప్రతి ఎండుటాకూ మాట్లాడుతోంది. వెయ్యి కిలోమీటర్లు నడిచి వచ్చిన నీళ్ళు నా చెప్పుల ముందు నుంచి, ఎవరినీ పట్టించుకోకుండా, తమ పాత దారిలో తాము పోతున్నాయి. మర్వ్‌కి గాలాలు గుర్తు రాలేదు. గ్లెనిస్ కళ్ళు తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

హేమిష్ నా చెవి దగ్గర, "ఎలా ఉంది మెరిన్?" అన్నాడు.

నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. గరగర, సన్నగా, ఎడతెగకుండా. వసారా అంచున తీగ సాగదీసి నాన్న నాకు వినిపించింది ఇదే.

లైను బాగానే ఉండేది.