గడప తొక్కనన్న ఒట్టు

మా ఆయన షుక్రీకి ఛాతీలో మంట ఈనాటిది కాదు. తింటే మంట, పడుకుంటే గొంతులోకి పులుపు. కుర్చీలో కూర్చునే కునుకు తీసేవాడు. చివరికి మా ఊరు దమియెట్టాలోని ఆసుపత్రిలో పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఇంటికి వెళ్ళిపొమ్మంది. ఇదివరకైతే రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్ళట. ఇప్పుడు ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ, పల్చటివి తాగుతూ ఉంటేనే త్వరగా కోలుకుంటారట. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. మా ఆయన మొహం మాడిపోయింది.

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళన్న మితవల్లి, తండ్రి వడ్రంగి కార్ఖానా పంపకంలో గొడవపడి, మా గడప తొక్కనని దేవుడి మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఏళ్ళు గడిచిపోయాయి. కానీ జబ్బుపడ్డ తమ్ముణ్ణి చూడకపోతే మా ఊళ్ళో తలెత్తుకోలేడు. ఆసుపత్రి ఎవరి ఇల్లూ కాదు గనక, ఆపరేషనైన మర్నాడు సాయంత్రం అక్కడికొస్తానని కబురంపాడు. ఆ ఆశతోనే ఈయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడని నా అనుమానం.

ఇంకొక్క పూట ఉంచమని డాక్టరమ్మను బతిమాలాడు. నొప్పిగా ఉందా అని అడిగిందావిడ. అబద్ధమాడ్డం చేతకాని మనిషి, లేదన్నాడు. ఇంకేముంది, మంచం ఇంకొకరికిచ్చేశారు.

ఇంటికొచ్చి సూప్ ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలీ, ఒళ్ళుమంటా రెండూనూ.

సాయంత్రం సందులో కేక వినబడింది. జామపళ్ళ సంచీతో మితవల్లి నిలబడున్నాడు. ఆసుపత్రి మంచం మీద ఎవరో పరాయి మనిషిని చూసి, హడలిపోయి తిన్నగా ఇటే వచ్చాడు.

"వాడికేమైందమ్మా?"

"బాగానే ఉన్నారు బావగారూ, లోపలికి రండి."

"ఒట్టుంది గదా."

నేను నోరు తెరిచేలోగా మా ఆయన పొట్ట పట్టుకుని వీధిలోకొచ్చేశాడు. "నువ్వు రానన్నావు గానీ, నన్ను రావద్దనలేదుగా అన్నా."

అంటూనే తూలాడు. మితవల్లి సంచీ వదిలేసి పట్టుకున్నాడు. నిన్ననే కోసిన పొట్టతో వీధుల వెంట తిరుగుతావా అని తిట్టుకుంటూ, లోపలిదాకా నడిపించి పరుపు మీద కూర్చోబెట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగి గడపను చూశాడు.

"ఒట్టు తప్పితే పరిహారంగా పదిమంది పేదలకి అన్నం పెట్టాలి, అంతేగా. ఎప్పుడైనా పెట్టేవాణ్ణిరా," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి రమ్మంటావేమోనని చూశాను."

మా ఆయన బావురుమన్నాడు.

"ఏడవకు, కుట్లు లాగుతాయి," అన్నాడు మితవల్లి, తనూ ఏడుస్తూ.