చుట్టుదావ

హిందూపురంలో గిరికి బండ్లకు బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఏప్రిల్ నెలలో ఒకరోజు వాళ్ళ నాయన యల్లప్ప రొద్దం నుంచి తన పాత వ్యాను నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందర ఆపాడు. పన్నెండేళ్ళుగా సంతలకు గొర్రెలు తోలిన బండి అది.

"దీంట్లో నేనూ మీ అమ్మా పండుకొని, వండుకొని, యాడికి కావాలంటే ఆడికి పోయేటట్టు చెయ్యప్పా" అన్నాడు.

గిరి నవ్వాడు. బెంగళూరు వాళ్ళకు అట్లాంటి బండ్లు అప్పటికే రెండు చేసిచ్చాడు గాని, కన్నతండ్రి వచ్చి అడుగుతాడని అనుకోలేదు. అయినా నెల తిరక్కుండా చేసిపెట్టాడు. వెనకాల ఒక చెక్క మంచం, దాని కింద సామాన్ల పెట్టె, ఒక మూల గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, పైన చిన్న ఫ్యాను, రెండు పక్కలా కిటికీలు. ఎంత కడిగినా గొర్రెల వాసన మాత్రం పూర్తిగా పోలేదు. గిరి వాళ్ళ అమ్మ ఉలిగమ్మకు ఆ వాసన పరాయిది కాదు కాబట్టి ఇబ్బంది అనిపించలేదు.

ఈ ప్రయాణం నిజానికి ఉలిగమ్మ కోరిక. పెళ్ళైన తొలి ఏడు మొదలుకొని పదిహేడు ఎండాకాలాలు ఆమె మొగుడితో కలిసి గొర్రెల వెంట నడిచింది. రొద్దంలో గడ్డి మాడిపోగానే మందను తోలుకొని కాలువ కింది పొలాలకు పోవడం, దారిలో ఏ రైతు ఎరువు కోసం పొలంలో మంద నిలపమంటే ఆ పొలంలో నిలిపి రాత్రికి అక్కడే పడుకోవడం, వానకు ముందు తిరిగి రావడం. కొండలన్నీ చూసింది. కానీ కాళ్ళ కింద ముళ్ళు చూసుకుంటూ, తప్పిపోయే గొర్రెపిల్లలను చూసుకుంటూ నడిచేవాళ్ళకు కొండ కనబడేది తక్కువ. "ఎప్పుడో ఒకసారి ఈ కొండలను కూర్చొని చూడాలప్పా" అని ఆమె ఎన్నోసార్లు అనింది. గొర్రెలు అమ్మేశాక, మోకాళ్ళు ఇద్దరికీ మొరాయించాక, యల్లప్పకు ఆ మాట గుర్తొచ్చింది.

మే రెండో వారంలో తెల్లవారుజామున బయలుదేరారు. పెనుకొండ చేరేసరికి ఎండ అప్పుడే ఎక్కుతోంది. కొండ కింద చింతచెట్టు నీడన బండి ఆపి ఉలిగమ్మ బొరుగుల ఉగ్గాణి చేసింది. దారిన పోయే ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి లోపలికి తొంగిచూశారు. "ఇల్లే చేసినారు కదమ్మా!" అని ఒకామె మంచం మీద చెయ్యేసి చూసింది. ఉలిగమ్మకు గర్వంగా అనిపించింది. కిటికీ దగ్గర కూర్చొని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని, కోట గోడలు కొండ మీదకు ఎట్లా పాకిపోయాయో తీరిగ్గా చూసింది. ఆ గోడ కిందనే ఎన్నో మధ్యాహ్నాలు గొర్రెలను నీడకు తోలింది గాని, గోడ ఇంత పొడుగుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

పెనుకొండ దాటాక యల్లప్ప ధర్మవరం దారిని వదిలేసి నల్లమాడ వైపు బండి తిప్పాడు. వాళ్ళు చూడబోయే, మదనపల్లె పక్కనున్న హార్సిలీ కొండకు పోవాలంటే అదే దారి, తప్పేం కాదు. కానీ ఆ మలుపు దగ్గర అతను కళ్ళు పక్కకు తిప్పకుండా నేరుగా చూస్తూ నడిపిన తీరు ఉలిగమ్మకు బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళ కిందట కూడా అట్లాగే మంద ముందర నడుస్తూ వెనక్కి చూడకుండా ఈ దారికి మళ్ళాడు. నాలుగు రోజులు ఎక్కువ నడవాల్సిన దారి. ఆ ఏడు తర్వాత ప్రతి ఏడూ ఆ చుట్టుదావే పట్టారు. ఎందుకని ఆమె ఒక్కసారీ అడగలేదు. అడగవలసిన పని లేదు.

ధర్మవరానికి ఇవతల ఒక పల్లెలో వెంకటరాముడు అనే రైతు ఉండేవాడు. ప్రతి ఎండాకాలం తన పొలంలో మంద నిలపమని పిలిచేవాడు, బావి నీళ్ళు పట్టుకోనిచ్చేవాడు. అతని దగ్గర సాల్మన్ అని ఒక జీతగాడు ఉండేవాడు. ఇరవై రెండేళ్ళవాడు, మాట మెత్తన. మంద నిలిపినన్నాళ్ళూ ఉలిగమ్మ అతనికి రోజూ ఒక చెంబెడు అంబలి పోసేది. "అక్కా, నీ అంబలి మా అమ్మ చేతిది మాదిరి ఉండాది" అని తాగి, చెంబు కడిగి తెచ్చిచ్చేవాడు.

దారి మార్చడానికి ముందటి ఏడు, వాళ్ళు ఆ పల్లె చేరిన రోజు మధ్యాహ్నం ఎండిన వంక ఒడ్డున ఇంకొకరి మంద అడ్డం వచ్చి రెండు మందలూ కలిసిపోయాయి. విడదీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం మందను నిలిపేటప్పుడు లెక్క పెట్టడం ఉలిగమ్మ పని. ఆమె కాలికి ముల్లు దిగి చీము పట్టి ఉంది. లెక్క పెట్టలేదు. మొగుడు అడిగితే, "సరిగ్గానే ఉండాయి" అనింది.

పొద్దున యల్లప్ప లెక్క పెడితే నాలుగు ఆడగొర్రెలు తక్కువ వచ్చాయి.

"రాత్రి సరిగ్గా ఉన్నాయంటివి కదమ్మే?"

"ఉన్నాయి."

"మంద కాడికి ఎవరన్నా వచ్చినారా?"

ఆమె ముల్లు దిగిన కాలు చూసుకునింది. తర్వాత, "మాపున సాల్మన్ ఒక్కడే వచ్చినాడు" అనింది.

చెంబు ఇవ్వడానికి వచ్చాడన్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. అది చెప్పేలోపలే యల్లప్ప కర్ర తీసుకొని ఊళ్ళోకి పోయాడు. ఆ తర్వాత చెప్పడానికి పొద్దంతా ఉంది. ఆమె చెప్పలేదు. వెంకటరాముడి ఇంటి ముందర, పదిమంది చూస్తుండగా, సాల్మన్ వాళ్ళ నాయన కూడా చూస్తుండగా, యల్లప్ప ఆ పిల్లోణ్ణి చెంప మీద కొట్టాడు. సాల్మన్ ఎదురు తిరగలేదు. "నేను తీయలేదన్నా" అని ఒక్క మాట అన్నాడు. మాలపల్లె పిల్లోడి మాట అని ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. వెంకటరాముడు ఆ పొద్దే అతన్ని పనిలోంచి తీసేశాడు. ఉలిగమ్మ అవతల నిలబడి కొంగుతో మొహం కప్పుకొని ఏడ్చింది.

పద్దెనిమిది రోజుల తర్వాత, కాలువ కింద ఒక ఊళ్ళో, ఆ రెండో మంద ఆయన నాలుగు గొర్రెలను తోలుకొని వచ్చాడు. చెవికి గాట్లు చూసి యల్లప్పవని పోల్చుకున్నాడట. యల్లప్ప ఆ రాత్రి సంగటి ముట్టలేదు. "వచ్చే ఎండాకాలం పోయినప్పుడు చెప్పేద్దాం" అన్నాడు. వచ్చే ఎండాకాలం నల్లమాడ దారి పట్టాడు.

ఇదంతా ఆ మలుపు దగ్గర ఉలిగమ్మ మనసులో మెదిలింది. నల్లమాడ దగ్గర బండి ఆపి మామిడిపండ్లు కొనుక్కున్నారు. కదిరిలో ఒక రాత్రి పడుకున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి బండి ఒగురుస్తూ ఒగురుస్తూ హార్సిలీ కొండ ఎక్కింది.

పైన చల్లని గాలి. నీలగిరి చెట్ల వాసన. కింద మైదానమంతా మసకగా, ఎక్కడో ఎండలో కాలిపోతూ కనిపిస్తోంది. యల్లప్ప కిటికీలు తెరిచి, టీ కాచి, గ్లాసు భార్య చేతికి ఇచ్చాడు. ముప్పై ఐదేళ్ళకు పైబడిన కాపురంలో అతను టీ కాచి ఇవ్వడం అదే మొదలు.

"సల్లగా ఉండాది కదా?"

"ఉండాది."

"మల్ల ఏంటికట్ల ఉండావు?"

మూడో రోజు పొద్దున, పక్కన ఎవరో పిల్లలతో వచ్చి ఫోటోలు దిగుతుంటే చూస్తూ, "పొయ్యేటప్పుడు ధర్మవరం మీద పోదాము" అనింది.

యల్లప్పకు అర్థమైంది.

"ఇన్నేండ్లకు పోయి ఏమని చెప్పేది?"

"జరిగిందే చెప్పు."

"వాడు ఉండాడో లేదో."

"ఉంటే చెప్తాము. లేకుంటే లేదని తెలుస్తాది. ఎన్నాళ్ళని తిరుక్కొని పోతాము?"

మధ్యాహ్నం కొండ దిగారు. ఇంకా రెండు రోజులు ఉండాలనుకొని తెచ్చుకున్న కూరగాయలు పెట్టెలోనే ఉన్నాయి.

మరునాడు ఆ పల్లె చేరేసరికి వెంకటరాముడు ఉన్నాడు. ఎనభై దగ్గర పడ్డాడు, అరుగు మీద కూర్చొని ఉన్నాడు. యల్లప్ప పేరు చెప్పగానే గుర్తుపట్టి, "ఏమప్పా, ఇన్నేండ్లు యాడికి పోయినావు?" అన్నాడు. సంగతి విన్నాక కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"గొర్రెలు దొరికినాయని నాకు అప్పుడే తెలిసింది లేప్పా. ఆ మంద ఆయనే చెప్పిపోయినాడు. అప్పటికి ఇంకొకణ్ణి పనికి పెట్టుకొని ఉంటి. సాల్మన్‌ని మల్ల పిలిపించాలనుకుంటి గాని..." అని ఆగిపోయాడు. "ధర్మవరంలో ఉండాడు. పట్టుకు రంగులేసే పని. ఇప్పుడు ఏంటికిలే, వాడు బాగానే ఉండాడు."

ధర్మవరంలో వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ పోతే రెండో సందులో ఇల్లు దొరికింది. చిన్న మిద్దె. ముందర తీగల మీద ఎర్రటి పట్టు దారం జడలు జడలుగా ఆరేసి ఉంది. ఆ సందులోకి బండి పట్టక చివరన ఆపి నడిచి వచ్చారు. బకెట్లో చేతులు ముంచి ఉన్న మనిషి తలెత్తి చూశాడు. జుట్టు నెరిసింది, మొహం పెద్దదైంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. మొదట ఉలిగమ్మనే చూశాడు.

"అక్కా" అన్నాడు.

సాల్మన్ చేతులు తుడుచుకొని రెండు కుర్చీలు వేశాడు. లోపలికి చూసి, "నీళ్ళు తేమ్మా" అని కోడల్ని కేకేశాడు. యల్లప్ప కూర్చోలేదు. నిలబడే, ఒక్కొక్క మాటా లాగినట్టు, గొర్రెలు దొరికిన సంగతి, తను చెప్పడానికి రాని సంగతి చెప్పాడు. చివరకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పు చేసినాను సాల్మన్. నిన్ను కొట్టినాను. మల్ల వచ్చి చెప్పల్యా."

"తెలుసన్నా" అన్నాడు సాల్మన్. "గొర్రెలు దొరికిన పదైదు దినాలకు తెలిసింది నాకు. నువ్వు వస్తావని చూస్తి. ఆ ఏడు చూస్తి, మరుసటేడు చూస్తి. ఆ తర్వాత చూడ్డం మానుకుంటి."

కోడలు తెచ్చిన నీళ్ళు యల్లప్ప తాగలేక చేతిలోనే పట్టుకున్నాడు.

"మా నాయన సంగతి ఒకటే నాకు బాధ" అన్నాడు సాల్మన్. గొంతు పెంచలేదు. "ఆయన నన్ను అడగల్యా, నువ్వు తీసినావా అని. ఒక మాట అడిగింటే చెప్పుందును. పది దినాలు నాతో మాట్లాడల్యా. వడదెబ్బకు పండుకొని పోయినాడు. సంగతి తెలిసేసరికి ఆయన లేడు."

తీగల మీది దారం నుంచి ఎర్రటి చుక్కలు నేల మీద పడుతున్నాయి.

సాల్మన్ ఉలిగమ్మ వైపు తిరిగాడు. మొహం కొంచెం మెత్తబడింది. "నిన్ను మాత్రం నేనేమీ అనుకోలేదక్కా. అంతమందిలో నువ్వొక్కదానివే ఏడ్చింది. అక్క ఆ నింద నమ్మలేదు, అక్కకు తెలుసు నేను చెంబు ఇచ్చేకి వచ్చినానని, అనుకుంటి. మా ఆడదానికి కూడా ఎన్నో తూర్లు చెప్పినా, ఒకామె అంబలి పోస్తాండె, ఆమె ఒక్కతే నన్ను నమ్మిందని."

ఆ మాట అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. నీళ్ళు తాగి, దండం పెట్టి, లేచి రావచ్చు. కానీ తనది కాని మంచితనాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం ఉలిగమ్మకు చేతకాలేదు.

"నేనే చెప్పినా నీ పేరు" అనింది.

సాల్మన్ అర్థం కానట్టు చూశాడు.

"ఆ మాపున నేను గొర్రెలు లెక్క పెట్టల్యా. పెట్టినానని అబద్ధం చెప్తి. ఎవరొచ్చినారు అని మా ఆయన అడిగితే, నా తప్పు యాడ బయటపడతాదోనని నీ పేరు చెప్పినా. చెంబు ఇచ్చేకి వచ్చినావని చెప్పల్యా. ఏడ్చింది నాకోసం ఏడ్చినా సాల్మన్, నీకోసం కాదు."

సాల్మన్ చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. కోడలు గుమ్మంలో నిలబడి ఒకరి తర్వాత ఒకరిని చూస్తోంది.

"ఇది చెప్పకుండా ఉండాల్సింది కదక్కా" అన్నాడు చివరకు.

అంతే. కోపంగా అనలేదు. లేచి బకెట్ దగ్గరకు పోయాడు. "ఎండ ముదురుతాంది. పోండి ఇంగ" అని, వాళ్ళ వైపు చూడకుండానే దారం ముంచడం మొదలుపెట్టాడు.

బండి ధర్మవరం దాటి పెనుకొండ దారిన పడింది. తర్వాత యల్లప్ప, "నువ్వు లెక్క పెట్టలేదని ఆ గొర్రెలు దొరికిన పొద్దే నాకు తెలుసు" అన్నాడు.

"తెలిసీ అడగల్యా?"

"ఏమని అడిగేది? కొట్టింది నేనే కదా. నీ పేరు ఎత్తకుండా అంతా నా మీద వేసుకొని చెప్పి వద్దామనుకుంటి." గేరు మార్చి, "నువ్వేంటికి చెప్పినావు?" అని అడిగాడు.

నిజం చెప్తే మనసు తేలికవుతుందని ఉలిగమ్మ అనుకునింది. కాలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఆ మనిషి దాచుకున్న ఒకే ఒక మంచిమాటను తాను పోయి లాక్కొని వచ్చింది. అతని కోసం చెప్పిందో, తన కోసం చెప్పిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

సోమందేపల్లి దగ్గర బండి ఆపి టీ తాగుదామా అన్నాడు యల్లప్ప. ఆమె వద్దంది. హిందూపురంలో గిరి ఎదురొచ్చి, "ఎట్లుండాదమ్మా కొండ?" అని అడిగితే, "సల్లగా ఉండాది" అని మాత్రం చెప్పింది. వారం గడిచాక ఆ మంచం, పొయ్యి తీయించి యల్లప్ప బండిని మళ్ళీ బాడుగలకు తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరికీ కారణం చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఒక బాడుగ మీద ధర్మవరం పోయినప్పుడు యల్లప్ప ఒక్కడే సాల్మన్ ఇంటికి పోయి వచ్చాడు. రాత్రి ఆ సంగతి చెప్పాడు. సాల్మన్ కూర్చోబెట్టి టీ ఇచ్చాడట. మాటల్లో వాళ్ళ నాయన ముచ్చట వచ్చిందట. చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఎక్కించుకొని పెనుకొండ తిరణాలకు తీసుకపోయిన సంగతి చెప్పి నవ్వాడట కూడా. వచ్చేటప్పుడు సందు చివర దాకా సాగనంపాడట.

ఉలిగమ్మ వేరుశనగ చేలో కలుపు తీసి వచ్చి అప్పుడే కాళ్ళు కడుక్కుంటోంది. చెంబు కింద పెట్టి, "నన్ను అడిగినాడా?" అనింది.

యల్లప్ప చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "లేదు" అన్నాడు.

ఆమె తల ఊపి, మిగిలిన నీళ్ళు కాళ్ళ మీద పోసుకొని, సంగటికి ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.