తలాపు ఎత్తిన మంచం

ఆ వడ్రంగిని షెడ్డులో అందరూ రసమట్టం అనే పిలుస్తారు, ఎందుకంటే ఏ పని ముగించినా జేబులోంచి చిన్న రసమట్టం తీసి చెక్క మీద పెట్టి, లోపలి బుడగ రెండు గీతల మధ్య కదలకుండా నిలబడేదాకా వదలడు. బీరువా అయినా అంతే, ఆఖరికి చెప్పుల స్టాండు అయినా అంతే. తన పెళ్ళికి తనే చేసుకున్న మంచం మీద గోలీ పెడితే ఇప్పటికీ పెట్టినచోటే ఉంటుందని షెడ్డులో తనతో పనిచేసే బావమరిదికి చెప్పి చెప్పి విసిగించేశాడు.

అలాంటి మంచం ఇంట్లో ఉంచుకుని, ఏడాదిగా హాల్లో కుర్చీలో పడుకుంటున్నాడు.

సంగతేంటంటే, నడుం వాలిస్తే చాలు గుండెల్లో మంట, పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నడం, ఒక్కోసారి రొమ్ము మధ్యలో మర బిగించి తిప్పినట్టు నొప్పి. దిండు మీద దిండు వేసి చూశాడు, ఇంకా ఎక్కువైంది. లేచి కూర్చుంటే తగ్గేది. ఇది గుండెజబ్బేనని తనకి తనే తేల్చేసుకుని, భార్య భయపడుతుందని, "వెన్ను పట్టేసిందే, నాకు కుర్చీలోనే హాయిగా ఉంది" అని ఒక ముక్క చెప్పి ఊరుకున్నాడు. ఆవిడ సరే అంది. మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే ఆయన్ని తొలిచేసేది.

ఆవిడ కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు విడదీస్తుంది. పగలు ఆవిడ మాటలన్నీ ఉప్పు అయిపోయింది, కుళాయి కారుతోంది, అంతవరకే. అసలు మాటలు పక్కన నడుం వాల్చి పైకప్పు వంక చూస్తూ ఉంటే వచ్చేవి. పెట్టె టిక్కుటిక్కుమంటోందని మేనేజరు బల్ల కింద దూరితే లోపల గోడగడియారం ఉండటం, ఊరూ పేరూ లేకుండా "మా అత్తకి" అని మాత్రం రాసి ఎవరో పంపిన డబ్బా, ఇలా. అన్నిటికన్నా ఎర్ర గొడుగు కథ. ఎవరో వానలు మొదలవగానే ఒకే ఇంటికి ఒక ఎర్ర గొడుగు పంపుతారు, అది వద్దని తిరిగొస్తుంది, మళ్ళీ ఏడు మళ్ళీ పంపుతారు. మూడోసారి కూడా తిరిగొచ్చిందని చెప్పిందో లేదో, ఈయన కుర్చీకి మారిపోయాడు.

ఓసారి ఉండబట్టలేక, ఆవిడ కూరగాయలు తరుగుతుంటే వెళ్ళి అడిగాడు. "ఆ గొడుగు సంగతి ఏమైందే?"

"ఏ గొడుగు?"

"అదే, ఎర్రది. తిరిగొచ్చేది."

"ఏమో, గుర్తులేదు. ఆ గిన్నె ఇటివ్వండి."

గిన్నె ఇచ్చి వచ్చేశాడు. గుర్తులేక కాదని ఆయనకీ తెలుసు. అలా పడుకుని చెప్పుకునే మాటలు కత్తిపీట ముందు నిలబడి అడిగితే ఎలా వస్తాయి.

చివరికి ఒకరోజు షెడ్డులో పెద్ద దుంగ ఎత్తబోయి రొమ్ము పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. బావమరిది చేతిలో ఉలి పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"మీ అక్కకి చెప్పకురా," అన్నాడు రసమట్టం, ముందుగా.

"చెప్పన్లే బావా. నోరు మూసుకుని బండెక్కు."

హాస్పిటల్లో ఈసీజీ తీశారు, రక్తం తీశారు. గుండె శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ నొప్పి ఎప్పుడొస్తుంది, వంగితేనా, తిన్నాకనా, పడుకుంటేనా అని ఒక్కొక్కటే అడిగి, గొంతు మొద్దుబారే మందు కొట్టించి, కెమెరా ఉన్న సన్నటి గొట్టం నోట్లోంచి పొట్టలోకి దించి చూసింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

"మీకున్నది హయాటల్ హెర్నియా అండీ."

"హెర్నియా అంటే కింద కదా?" అన్నాడు బావమరిది. "మా బావకి అన్నీ తలకిందులే."

"ఇది వేరు బాబూ. ఛాతీకీ పొట్టకీ మధ్య కండరంతో అడ్డుగోడ ఉంటుంది. అన్నం దిగే గొట్టం దాని కంతలోంచి కిందికి వస్తుంది. ఆ కంత వదులై మీ జీర్ణాశయం పైభాగం కాస్త ఛాతీలోకి జారింది. అందుకే ఆమ్లం పైకొచ్చి గొట్టాన్ని కాలుస్తోంది."

రసమట్టానికి ఇట్టే అర్థమైంది. "బిగించలేమా?"

"ఆపరేషన్‌తో బిగించొచ్చు. మీకు ఇప్పుడే అంత అవసరం లేదు. పొద్దున టిఫినుకి ముందు మాత్ర, కొంచెం కొంచెంగా తినడం, తిన్నాక మూడు గంటలదాకా పడుకోకపోవడం, పొట్ట తగ్గించడం, బరువులు ఎత్తకపోవడం. ఆ పనిముట్ల బెల్టు అంత బిగించకండి. ముద్ద దిగకపోయినా, వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా వెంటనే రండి. ఇంకోటి, దిండ్లు పెంచితే పొట్ట మడతపడి ఇంకా పైకి తంతుంది. మంచానికి తలాపు వైపు కోళ్ళ కింద ఆరంగుళాల దిమ్మలు పెట్టండి."

"మంచం వంకర చెయ్యాలా?" అన్నాడాయన, ఆపరేషన్ మాట విన్నప్పటికంటే నీరసంగా.

ఇంటికొచ్చేసరికి ఆవిడ ఆ కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడి ఉంది. బావమరిది చెప్పనన్నాడు గానీ, ఫోన్ చెయ్యనని అనలేదుగా.

"ఏడాదిపాటు వెన్ను నొప్పా?"

"గుండె అనుకున్నానే. నువ్వు భయపడతావని."

"నేనేమనుకున్నానో తెలుసా? నా పక్కన పడుకోవడం విసుగెత్తి ఇలా కుర్చీ ఎక్కారనుకున్నాను. దానికన్నా భయమే నయం కదండీ."

ఆయన మందుల కవరు కుర్చీలో పెట్టాడు.

"తలాపు ఎత్తండి," అందావిడ.

"వంకరైపోతుందే. ఎలా చేశానో తెలుసుగా దాన్ని."

"సగం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం చక్కగా ఉందా?"

ఆయన షెడ్డుకి వెళ్ళాడు. రెండు దిమ్మలు కోశాడు, కోళ్ళు జారకుండా పైన గుంటలు తొలిచాడు, మంచం ఎత్తి వాటి మీద నిలబెట్టాడు. అలవాటు కొద్దీ రసమట్టం పెట్టబోయి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

మంట తగ్గేదాకా కుర్చీలోనే పడుకుని, మాత్రలు రెండు వారాలు పడ్డాక ఒక ఆదివారం. మధ్యాహ్నం భోజనం పిట్టమేత. తిన్నాక మూడు గంటలు కాయాలి కదా, ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని గదిలో మంచం వంక చూస్తూ, బస్సు కోసం కాసుకున్నవాళ్ళలా గడియారం వంక చూస్తూ ఉన్నారు. ఆయనకి ఒకటే గుబులు, మళ్ళీ మంట మొదలైతే, మళ్ళీ కుర్చీయేనా అని.

టైమైంది. ఆయన మెల్లిగా నడుం వాల్చాడు, ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఆవిడ పక్కన వాలింది. వాలగానే ఇద్దరూ బెత్తెడు కిందికి జారారు.

"ఏవండీ, జారిపోతున్నాను."

"రేపు కాళ్ళ వైపు అడ్డచెక్క కొడతాలే."

కాసేపు పైకప్పు చూశారు. మంట వస్తుందా అని ఆయన లోలోపల వింటూనే ఉన్నాడు.

"ఎందాకా చెప్పాను?" అందావిడ.

"మూడోసారీ తిరిగొచ్చింది."

"మొన్న వానలకి మళ్ళీ పంపారు. మళ్ళీ తిరిగొచ్చింది. కానీ పెట్టె అడుగు లోపల్నుంచి నానిపోయి ఉందండీ, వేరే పెట్టెలోకి మారుద్దామని విప్పాను." ఆవిడ కొంచెం పైకి జరిగి తల సర్దుకుంది. "గొడుగు తడిగా ఉంది."

ఆయన రొమ్ము మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు తిరిగాడు. "అంటే వేసుకున్నారన్నమాట."

"వేసుకున్నారు," అంది. "ఇంకా ఉంది, వినండి."