ఇస్త్రీ పెట్టిన నలభై వేల వరుసలు

మొదటి దెబ్బకే ఇస్త్రీ కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. ఆఫీసులో అతని పేరు అదే. ప్రోగ్రాము వరుసల్లో ఒక్క ఖాళీ అటూ ఇటూ అయితే ఆయనగారికి ముద్ద దిగదు. కొడుతున్నది పరాయివాడు కాదు, పక్క సీటులో పనిచేసే సొంత బావ, అక్క మొగుడు.

పొద్దున ఫ్యాక్టరీలో కాగితాలు కోసే మిషన్ బావ తమ్ముడి నాలుగు వేళ్ళు తీసేసింది. దాన్ని నడిపేది వీళ్ళు రాసిన ప్రోగ్రామే. తలుపు తెరిస్తే కత్తిని ఆపాల్సిన వరుసను ఎవరో పనిచేయకుండా చేసి వదిలేశారు. ఎవరా అని ప్రోగ్రాము మార్పుల చరిత్ర తీస్తే ఆ వరుస పక్కన ఇస్త్రీ పేరు కనబడింది.

"నేను ఖాళీలు సర్దానంతే బావా."

"నీ పేరే ఉంది కదరా." ఈసారి బూటుకాలు డొక్కలో దిగింది.

ఉండదూ మరి! కిందటి నెల నలభై వేల వరుసలూ ఒక్క దెబ్బకు సర్దేశాడు మహానుభావుడు. ఏ వరుసను ఎవరు చివర ముట్టుకుంటే వాళ్ళ పేరే దానికి పడుతుంది. ప్రతి మార్పుకీ ఓ నంబరుంటుంది. ఇలాంటి ఉత్త సర్దుళ్ళ నంబరు ఓ జాబితాలో రాసిపెడితే, చరిత్ర వాటిని దాటుకుని అసలు రాసినవాణ్ణి చూపిస్తుంది. ఆ ఒక్క నంబరూ రాయడానికి బద్ధకించాడు. రేపు రాద్దాంలే అనుకున్నాడు.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన టీం లీడరమ్మ బావ చొక్కా పట్టుకుని లాగింది. ఆ సందులో ఇస్త్రీ పాక్కుంటూ కీబోర్డు అందుకున్నాడు. నెత్తురు మీటల మీద కారుతుంటే ఆ జాబితాలో తన సర్దుడు నంబరు కొట్టాడు. చరిత్ర మళ్ళీ తెరుచుకుంది.

రెండేళ్ళ కిందటి తేదీ. బావ పేరు. పక్కనే బావ రాసుకున్న మాట: పరీక్ష కోసం ఆపాను, సాయంత్రం తిరిగి పెట్టాలి.

ఇస్త్రీ గబుక్కున తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే బావా. నేనే చేశాను. కొట్టు."

"జరుగు."

"చూడకు బావా."

బావ అతన్ని గోడకేసి విసిరికొట్టి చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత మూలనున్న ఇనుప బీరువా దగ్గరికి నడిచి, కుడిచేయి తలుపు సందులో పెట్టి, ఎడంచేత్తో బలమంతా పెట్టి మూశాడు. ఎముకలు విరిగిన చప్పుడు గదంతా వినబడింది.

ఇస్త్రీ వెనకనుంచి నడుం పట్టుకుని లాగాడు. బావ కదల్లేదు.

"వదులు. వాడికి నాలుగు పోయాయిరా," అని మళ్ళీ తలుపు తెరిచాడు.