భారతి ఫ్లెక్సీ

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా పెంచలప్రసాద్‌కు ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి ఉంది. ఆ ఉదయం అక్కడ టీ తాగడానికి ఆగిన కండక్టర్ వలి, మాటల మధ్యలో అన్నాడు.

“నిన్న మీ భారతి మా బస్సులోనే ఉండింది అన్నా. ఉదయగిరికి పోయింది. అవ్వకేమన్నా బాగలేదా ఏంది?”

ప్రసాద్‌కు అర్థం కాలేదు. కూతురు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. నెల్లూరు బస్సు ఏదైనా సంగం దాటి, ఆత్మకూరులో ఆగి, ఆ తర్వాతే ఉదయగిరికి పోతుంది. అంటే పిల్ల సొంత ఊళ్ళో బస్సు ఆగినా దిగలేదన్నమాట.

“దిగవామ్మా అంటే తల అడ్డంగా ఊపింది. కిటికీ కాడ నుంచి లేచి అవతల సీట్లో కూర్చునింది,” అన్నాడు వలి.

ప్రసాద్ ఉదయగిరిలో ఉన్న తల్లి దేవకమ్మకు ఫోన్ చేశాడు.

“నా కాడనే ఉండాది నాయనా. ఐదు సబ్జెక్టులు పోయినాయంట. నువ్వు రా. అరవబాకు,” అందామె.

అరవాలని కూడా అతనికి తోచలేదు. పదో తరగతిలో బడికే మొదటి మార్కు తెచ్చిన పిల్ల. ఇంటర్లోనూ వెనకబడలేదు. వారానికోసారి ఫోన్‌లో “చదువుతున్నావా?” అని అడిగితే “ఆ నాయనా” అనేది. అంతటితో మాటలు అయిపోయేవి. ఫీజు కట్టాడు, ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. తండ్రిగా చేయవలసింది అంతేననుకున్నాడు. మనలో ఎంతమందిమి అలా అనుకోవడం లేదు?

ఎదురుగా బస్టాండు గేటు పక్కన, సీటొచ్చిన రోజున తాను కట్టిన ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకు రంగు వెలిసినా భారతి ముఖం నిలువెత్తున నవ్వుతూనే ఉంది. కింద ‘కాబోయే ఇంజినీరుకు అభినందనలు’ అని పెద్ద అక్షరాలు. పిల్ల కిటికీ దగ్గర నుంచి ఎందుకు లేచిందో అప్పుడు తెలిసొచ్చింది. నిచ్చెన వేసుకుని, తాళ్ళు కోసి దాన్ని దించాడు. అంగడి మూసి బండి తీశాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. పుట్టినరోజులకూ, పెళ్ళిళ్ళకూ, ర్యాంకులకూ, చావులకూ రోజూ మాటలు కూర్చే మనిషికి, పరీక్ష తప్పిన బిడ్డతో అనడానికి ఒక్క మాట దొరకలేదు.

దేవకమ్మ ఇంట్లో, వెనక గదిలో భారతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“ఏం కాదులేమ్మా. మళ్ళీ రాస్తే పాసయిపోతావు,” అన్నాడు.

“రాసేదానికి ముందు అర్థం కావాల గదా నాయనా.”

“ట్యూషన్ పెట్టిస్తా.”

భారతి దుప్పటి తలమీదికి లాక్కుంది.

“మన వీధిలో ఆ సాయికిరణ్ ఆరు పోగొట్టుకోలా? వాడికిప్పుడు ఉద్యోగం వచ్చింది గదా.”

అతను మాట్లాడేకొద్దీ పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. దిక్కు తోచక, “ఆ ఫ్లెక్సీ కూడా దించేసినాలే. ఇంక నిన్నెవరూ ఏమీ అడగరు,” అన్నాడు.

భారతి లేచి కూర్చుంది.

“తెలుసు. ఇందాకనే నా ఫ్రెండు ఫోన్ చేసింది. మీ నాయన నీ ఫ్లెక్సీ పీకేసినాడు, ఏమైందే అనింది.” ఆమె గొంతు పెరగలేదు. “కట్టేటప్పుడు నన్ను అడగలా. దించేటప్పుడూ అడగలా. పాసయితే ఊరందరికీ చూపిస్తావు, తప్పితే దాచిపెడతావు. అంతేనా నేను?”

“నీకు కష్టంగా ఉంటాదనే గదమ్మా...”

“నేనంటే నీకు సిగ్గేసిందనుకున్నా.”

మేలు చేద్దామని చేసిన పనే పిల్లను కోసింది. గుమ్మంలో నిలబడిన దేవకమ్మ, “ఒరే పెంచలా, నువ్వు చెప్పేది చాలించు. దాన్ని చెప్పనీ,” అంది.

అతను నేలమీద కూర్చున్నాడు. “ఏం జరిగిందమ్మా అక్కడ?”

భారతి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వారంలో క్లాసులో లేచి ఒక సందేహం అడిగిందట. ఇది కూడా తెలియకుండానే వచ్చావా అన్నాడట సారు. అందరూ నవ్వారట. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అర్థం కానిది మరుసటి రోజు పాఠానికి అడ్డుపడింది. చివరికి క్లాసుకు పోవడం మాని, హాస్టల్ గదిలోనే ఉండిపోయింది.

“నాతో చెప్పుంటే...”

“చెబుదామనే ఫోన్ ఎత్తేదాన్ని. ఎత్తంగానే చదువుతున్నావా అంటావు. ఇంకేం చెప్పేది?”

“మళ్ళీ కాలేజీకి పోతావా?”

“తెలీదు.”

“ఇంటికన్నా వస్తావా?”

“ఇప్పుడు కాదు నాయనా.”

జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. రేపటి పెళ్ళి బ్యానర్ల కోసం గిరాకీలు. అతను దాన్ని ఆపేశాడు.

“అంగడి?” అంది భారతి.

“మూసే ఉండాది. రేపు కూడా ఇక్కడే ఉంటా. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు.”

భారతి, అవ్వ తెచ్చిన కంచం ముందుకు లాక్కుని రెండు ముద్దలు తినింది. పోయిన సబ్జెక్టులు పోయినట్టే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నేర్పగల శక్తి ఆ తండ్రికి లేదు. బిడ్డ పక్కన ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే అతనికి తెలిసింది.

గెలిచిన బిడ్డను ఊరంతా పలకరిస్తుంది. తప్పిన బిడ్డను ముందుగా పలకరించాల్సింది కన్నవాళ్ళే. అది కూడా బుద్ధి చెప్పడానికి కాదు, ఆ బిడ్డ చెప్పేది వినడానికి.