వైద్యుని మేర

కళ్లంలో జొన్నరాశి పోసినాక తొలి కుంచం వైద్యునిది. ఆ మేర తీసేదాకా రాశి మీద ఎవరూ చెయ్యి పెట్టరు. తిరుమంగళం పక్కన ఆ నల్లరేగడి ఊళ్లో తాతలనాటి కట్టు అది. మేర పోసిన ఇంటికి ఏడాదంతా మందు. కుంపిణీ వాళ్లు మాన్యానికి పన్ను వేసినాక ముసలి వైద్యుడు పళనిసామికి మిగిలిన కూడు అదొక్కటే.

ఆ ఏడు చెల్లప్ప తన రాశి దగ్గర కుంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా ఇంట్లో ఈ ఏడు శొంఠికొమ్ము కూడా అరగదియ్యలే. నేనెందుకు పొయ్యాల? సీక్కు ఉండే ఇల్లు పోసుకోనీ."

పక్క రాశి కందసామిది, చెల్లప్పకు మామ వరస. అతని భార్య తిరుమలమ్మాళ్ చలిజ్వరంతో మంచం పట్టి ఉంది. పళనిసామి పూటపూటా కషాయం పోస్తేనే లేచి కూర్చుంటోంది.

"సీక్కయినా రోగమయినా చెప్పి వస్తాదిరా? నీ వంతూ నేనే పోస్తా, ఊరుకో."

"పొయ్యి మామా. మందు తాగేది అత్తే కదా!"

కళ్లమంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఇంకొకడు కుంచం పక్కన పెట్టాడు. వాణ్ణి చూసి మరొకడు. చివరికి మేర పోసినవి మంచాన మనిషి ఉన్న ఇళ్లే.

పళనిసామి మేర మూట ఎత్తి చూశాడు. "పనంతా మిగిలింది, కూడు మిగల్లేదు. రోగిష్ఠి ఇళ్లే నన్ను సాకాలంటే వాళ్ల రాశులు ఊడ్చాల."

"నా రాశంతా ఎత్తుకోండయ్యా. ఆమె లేచేదాకా ఉండండి."

"నువ్వేం తింటావు కందసామీ?"

మర్నాడే ఆయన ఊరు విడిచి తిరుమంగళం పోయాడు. కందసామి భార్యను బండిలో వేసుకుని వెంట పోయాడు. తిరుమంగళం పొలిమేర కనబడకముందే ఆమె ఊపిరి ఆగింది.

వానలతో ఊళ్లోకి వాంతిభేది వచ్చింది. ఓ సాయంత్రం చెల్లప్ప పరుగెత్తుకొచ్చాడు.

"మామా, నీ ఎద్దులు ఇయ్యి! నావి కుంటుతుండాయి. సంతానలక్ష్మి కళ్లు తేలేసింది. తిరుమంగళం పోవాల. కుంచం కాదు, మూటే పోస్తా వైద్యునికి."

సంతానలక్ష్మి చెల్లప్ప పెళ్లాం. తిరుమలమ్మాళ్‌కు రోజూ గంజి కాచి తెచ్చింది ఆ పిల్లే. కందసామి చేతిలోని చొప్ప కిందికి జారింది. వంగి ఎత్తుకున్నాడు.

"సీక్కు ఉండే ఇల్లు పోసుకోనీ అంటివే. మా ఇంట్లో ఇప్పుడు సీక్కు లేదురా."

"మామా, కాళ్లు పట్టుకుంటా!"

కందసామి ఎద్దుల పలుపులకు ఇంకో ముడి వేశాడు.